ముందు పేర్లు పోగుచేసుకోండి, పుస్తకం తరవాత

అమలాపురంలో ఎం.ఏ. చరిత్ర చదువుతున్నానని, గోదావరి ఎగువ ఏజెన్సీలో ఉండే కోయ తెగ మీద పరిశోధన పత్రం రాయడానికి గ్రంథాలయంలో ఏ పుస్తకంతో మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. పుస్తకంతో కాదు, పేర్లతో మొదలుపెట్టండి. రెండు వేసవి సెలవులు వృథా చేసుకున్నాక నాకు బోధపడిన సంగతి ఇది.

నాది రామచంద్రపురం దగ్గర పల్లె. కాలువ గట్ల మీద పెరిగిన మాకు ఎగువనున్నదంతా ఏజెన్సీ, అక్కడి జనమంతా కొండవాళ్లు. ఆ జ్ఞానంతోనే రాజమహేంద్రవరంలో ఒక పాత గ్రంథాలయానికి వెళ్లి, కార్డుల బీరువాలో ‘గిరిజనులు’ అని రాసిన సొరుగు లాగితే మూడే కార్డులు కనిపించాయి, అందులో ఒకటి సంక్షేమ పథకాల నివేదిక. పుస్తకాలు సర్దే పెద్దాయన నా అవస్థ కాసేపు చూసి, “దొరలు రాసిన పుస్తకాల్లో గిరిజనులని ఎందుకుంటుందండీ? కోయి అని చూడండి” అంటూ ఎడ్గార్ థర్‌స్టన్ అనే ఇంగ్లీషు పరిశోధకుడి సంపుటం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన ఆ గ్రంథంలో కోయలు నిజంగానే ‘కోయి’ అన్న పేరు కిందే ఉన్నారు.

సాయంత్రం దాకా కూర్చుని నోటు పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాను. మరికొన్నాళ్లకు ‘ఇండియన్ యాంటిక్వరీ’ అనే పరిశోధన పత్రిక పాత సంచికల్లో, భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ 1876లో రాసిన వ్యాసం దొరికింది. రెండో సాక్ష్యం దొరికిందని సంబరపడి రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, థర్‌స్టన్ కోయల గురించి చెప్పినదానిలో చాలా భాగం ఈ కెయిన్ గారి నుంచి తీసుకున్నదే, ఆ సంగతి ఆయన దాచనూ లేదు, నేనే గమనించలేదు. ఇద్దరు సాక్షులనుకున్నది ఒక్కడే, ఆ ఒక్కడూ మిషను బంగళాలో కూర్చుని రాసినవాడు. తరవాత చింతూరు వైపు నుంచి వచ్చిన ఒక కోయ విద్యార్థికి నా నోటు పుస్తకం చూపిస్తే, మర్యాదగా అంతా చదివి, తమ భాషలో తమను కోయితూర్ అనుకుంటారని, ఆ మాట ఇందులో ఎక్కడా లేదేమని అడిగాడు.

కాబట్టి ఒక కాగితం మీద కోయ, కోయి, కోయితూర్, కోయదొర అని రాసుకోండి; షెడ్యూల్డ్ తెగల జాబితా తెరిస్తే గుత్తకోయ, లింగధారి కోయ వంటి పేర్లు ఇంకా కలుస్తాయి. ఇంగ్లీషులో ఒక్కొక్కరూ ఒక్కో వర్ణక్రమంలో రాశారు కనుక అవన్నీ వేసుకోవాలి. ఊళ్ల పేర్లకూ ఇదే పాట్లు. భద్రాచలం తాలూకా 1874 వరకు మధ్య పరగణాలలో (సెంట్రల్ ప్రావిన్సెస్‌లో) ఉండి, ఆ తరవాతే మద్రాసు కింద చేరింది, అంతకు ముందరి కాగితాల కోసం మద్రాసు నివేదికలు తిరగేస్తే ఏమీ దొరకదు. పైగా గ్రంథాలయాల్లో పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలు వేసే డ్యూయీ వర్గీకరణలో తెగల గురించినవి 305.8లో, జానపద కథలు 398లో, చరిత్ర 954లో ఉంటాయి కనుక ఒక్క బీరువా దగ్గర నిలబడి పని ముగించుకోవడం కుదరదు.

ఇంకొక్క మాట, అడగకపోయినా చెబుతాను. మన డెల్టాలో ఎవరిని కదిపినా రంప పితూరీ, అంటే మన్యంలోని రంప ప్రాంతపు తిరుగుబాటు, 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడిపినదే అంటారు. కల్లు గీత మీద ఆంక్షలతో, కల్లు మీద వేసే చిగురుపన్నుతో, రంప మన్సబుదారు (అక్కడి జమీందారు) పీడనతో విసిగిన మన్యం జనం 1879లోనే లేచారని, తమ్మన్నదొర అందులో నాయకుడని చెబితే వింతగా చూస్తారు. గ్రంథాలయాల్లో కూడా ఒక్క సీతారామరాజు మీదే అలమరకు అలమర ఉంటుంది. మీరు ‘రంప’ అన్న మాటతో వెతికేటప్పుడు 1879ని విడిగా వేసి వెతకండి. దొరికిన ప్రతి కాగితం అంచున అది రాసినవాడెవడో, తాను చూసి రాశాడో ఇంకొకరిది ఎత్తి రాశాడో గుర్తు పెట్టుకోండి.