ఎక్కువ కాలం మన్నే, కరెంటు ఆదా చేసే బల్బు ఏది? ఏ కంపెనీది, ఎన్ని వాట్లది కొనాలి?

ఇంట్లో ఉన్న ఫిలమెంట్ బల్బులు, సీఎఫ్ఎల్‌లు అన్నీ తీసేసి ఎల్ఈడీలు పెట్టాలనుకుంటున్నానని, ఏ కంపెనీవి ఎక్కువ కాలం వస్తాయని, 9 వాట్లవి కొనాలా 12 వాట్లవి కొనాలా అని అడిగారు. కంపెనీ పేరు నేను చెప్పను. బల్బు ఎన్నాళ్ళు వస్తుందన్నది దాని మీద అచ్చువేసిన పేరు కన్నా మీరు దాన్ని ఎక్కడ బిగిస్తారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఈ విషయంలో నాతో ఎవరు వాదించినా నేను వెనక్కి తగ్గను.

మా ఇంట్లో మెట్ల దగ్గర పైకప్పుకు ఒక గాజు డూమ్ ఉండేది. చుట్టూ రబ్బరు వాషర్‌తో బిగుతుగా మూసుకునే రకం, చిన్న పురుగు కూడా దూరదు. అందులో పెట్టిన ఎల్ఈడీ బల్బు ఏదీ ఏడాది తిరిగేదాకా ఉండేది కాదు. వాటితో పాటే కొన్న బల్బు ఒకటి వరండాలో ఉత్త హోల్డర్‌కు శుభ్రంగా వెలుగుతూ ఉండేది. అయినా ఇంట్లో అందరూ కంపెనీనే తిట్టేవాళ్ళు.

మా మేనమామ రేడియోలు, టీవీలు బాగుచేసే మనిషి. ఆయన ఇంటికి వచ్చినప్పుడు పోయిన బల్బు ఒకటి చేతిలో పెట్టి, "మావయ్యా, ఈ గ్యారంటీలన్నీ ఉత్తి మాటలేనా?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా పేపరు పరుచుకుని కూర్చున్నాడు. స్క్రూడ్రైవర్ మొన దూర్చి పైనున్న తెల్ల ప్లాస్టిక్ టోపీని ఊడదీశాడు. లోపల గుండ్రటి అల్యూమినియం రేకు, దాని మీద వరుసగా పసుపుపచ్చ ఎల్ఈడీలు. వాటిలో ఒకదాని మధ్యలో సూదిమొనంత నల్ల మచ్చ ఉంది.

"పోయింది ఇదొక్కటే. అన్నీ సిరీస్‌లో ఉంటాయి కదా, ఒకటి పోతే మొత్తం ఆరిపోతుంది" అన్నాడు. తర్వాత రేకు పైకి లేపి కింద ఉన్న డ్రైవర్ బోర్డు చూపించాడు, ఇంటి కరెంటును ఎల్ఈడీలకు సరిపడేలా మార్చేది అదే. దాని మీద కరెంటును కాస్త నిలవచేసే కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. దాని చుట్టూ బోర్డు మాడి గోధుమరంగుకు తిరిగింది. "చూశావా, ఇది ఉక్కకు చచ్చిందిరా. ఆ డూమ్ తీసెయ్, గాలాడేది ఏదన్నా పెట్టు."

డూమ్ తీసేసి పైభాగం తెరిచి ఉండే షేడ్ పెట్టాం. అప్పుడు పెట్టిన బల్బే ఇప్పటికీ వెలుగుతోంది.

ఎల్ఈడీ చల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు. ఫిలమెంట్ బల్బు తీసుకునే కరెంటులో నూటికి 90 పాళ్ళు పైగా వేడిగానే పోతుంది, నిజమే. కానీ ఆ వేడిలో చాలా భాగం కాంతితో పాటే బయటికి వచ్చేస్తుంది. ఎల్ఈడీలో పుట్టే వేడి తక్కువే అయినా అది ముందుకు రాదు, వెనక్కి అడుగుభాగంలోకి దిగుతుంది. సున్నితమైన ఎలక్ట్రానిక్స్ అంతా ఉండేది అక్కడే. డ్రైవర్‌లో ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కు వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగం అవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ళు లెక్క వేస్తారు. మూసిన డూమ్‌లో ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి.

తక్కువ కష్టపెట్టిన బల్బే ఎక్కువ కాలం బతుకుతుంది. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ఫైర్ స్టేషన్‌లో 1901 నుంచి వెలుగుతున్న బల్బు సంగతి వినే ఉంటారు. దాన్ని చూసి "ఆ రోజుల్లో వస్తువులే వేరు" అంటారు జనం. అది ఇచ్చే వెలుగు ఈనాటి నైట్ బల్బు పాటిది, దాన్ని ఆర్పడం కూడా చాలా అరుదు. ఫిలమెంట్ అంతగా కాలకపోతే అరగడం కూడా నెమ్మదిగానే ఉంటుంది. దుబాయ్ కోసం ఫిలిప్స్ తయారుచేసిన ఎల్ఈడీ బల్బులదీ ఇదే సూత్రం. ఎక్కువ ఎల్ఈడీలు పెట్టి ఒక్కోదానికి తక్కువ కరెంటు ఇచ్చారు. వెలుగును కొలిచేది ల్యూమెన్లలో; వీటిలో వాట్‌కు 200 ల్యూమెన్ల దాకా వెలుగు వస్తుంది, మామూలు బల్బుల్లో చాలావాటికి వాట్‌కు 100 దగ్గర వస్తుంది. చవక బల్బుల్లో దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి: ఉన్న నాలుగు ఎల్ఈడీలనూ పిండేస్తారు. 1924లో పెద్ద కంపెనీలన్నీ జెనీవాలో ఫీబస్ పేరుతో కూటమి కట్టి బల్బు 1000 గంటలకు మించి రాకూడదని నియమం పెట్టుకున్నాయి, మించితే జరిమానా. ఆ బుద్ధి ఎక్కడికీ పోలేదని నా నమ్మకం.

ఇక మీ 9, 12 సంగతి. వాట్లు చూడకండి, ల్యూమెన్లు చూడండి. పాత 60 వాట్ల బల్బు వెలుగు సుమారు 800 ల్యూమెన్లు, అది 8, 9 వాట్ల ఎల్ఈడీతో వచ్చేస్తుంది. రోజుకు 5 గంటలు వేస్తే ఆ 60 వాట్ల బల్బు ఏడాదికి 110 యూనిట్ల దాకా తింటుంది, 9 వాట్లది 16 యూనిట్లు. పెద్ద ఆదా అంతా అక్కడే అయిపోయింది. అందుకే ముందు ఎక్కువ గంటలు వెలిగే ఫిలమెంట్ బల్బులు మార్చండి, బాగానే వెలుగుతున్న సీఎఫ్ఎల్‌లకు తొందరేం లేదు. అవి పోయాక మాత్రం చెత్తబుట్టలో వేయకండి, లోపల కొద్దిగా పాదరసం ఉంటుంది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. 12 వాట్లది గాలాడే హోల్డర్‌లో పెడితే పర్వాలేదు. మూసిన దాంట్లో మాత్రం వద్దే వద్దు. వెలుగు చాలకపోతే రెండు చోట్ల రెండు చిన్నవి పెట్టుకోండి.

పెట్టె మీద "22 సంవత్సరాలు" అని ఉంటే పొంగిపోకండి. పక్కనే కనీ కనపడని అక్షరాల్లో రోజుకు 3 గంటల వాడకం అని ఉంటుంది. 25,000 గంటల బల్బు రోజూ 7 గంటలు వెలిగితే పదేళ్ళలోపే లెక్క పూర్తవుతుంది. ఆ గంటలు కూడా మామూలుగా వెలుగు 70 శాతానికి తగ్గేదాకా వేసే లెక్క. మధ్యలో డ్రైవర్ పోతే ఆ అంకె దేనికీ పనికిరాదు. కొనేటప్పుడు షాపులోనే వెలిగించి ఫోన్ కెమెరాలో చూడండి. తెర మీద నల్ల చారలు గట్టిగా పాకుతుంటే ఆ డ్రైవర్‌లో పొదుపు చేశారని అర్థం. వెలుగు రంగును కెల్విన్లలో చెప్తారు. పడకగదికి నీలం ఛాయ తెలుపు వచ్చే 6500 కెల్విన్ అంటగడతారు, తీసుకోకండి. పసుపు ఛాయ ఉండే 2700 అడగండి, రాత్రిపూట కళ్ళకు హాయిగా ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండేది సీలింగ్‌లో దింపే ప్యానెళ్ళను చూస్తే. వాటిలో చాలావాటికి బల్బు విడిగా ఉండదు. ఒక్క ఎల్ఈడీ కాలినా మొత్తం ప్యానెల్ పీకి పారేయాలి, ఆ సైజుది మళ్ళీ దొరక్కపోతే సీలింగ్ కొత్తగా కోయాలి. ఇల్లు కొత్తగా చేయించేవాళ్ళు డిజైన్ చూసి మురిసిపోయి ఇవే పెట్టించుకుంటున్నారు. దయచేసి బల్బు విప్పి మార్చుకునే ఫిట్టింగే అడగండి. ప్యానెల్ తప్పదనుకుంటే డ్రైవర్ విడిగా బయట ఉండేది తీసుకోండి, అదొక్కటే మార్చుకోవచ్చు.