రిపోర్టులో ఒక్కటే ‘హై’ అని వస్తే

మీ అమ్మగారి 20 రక్త పరీక్షల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (కాలేయం, ఎముకల్లో ఉండే ఒక ఎంజైమ్) ఒక్కటే హద్దు కంటే రెండు యూనిట్లు ఎక్కువ వచ్చిందని రాశారు. టెన్షన్ పడకండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను, సాధారణంగా కనీసం 120 మందిని పరీక్షించి, మధ్యలోని 95 శాతం మంది విలువలను ‘నార్మల్’ అంటారు. అంటే పైన రెండున్నర, కింద రెండున్నర శాతం ఆరోగ్యవంతులే ఆ హద్దు బయట ఉండిపోతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఒక్కటైనా హద్దు దాటే అవకాశం దాదాపు 64 శాతం! ఈ సంగతి రిపోర్టు మీదే అచ్చువేయాలి అనిపిస్తుంది నాకు.

షుగర్ సంగతి వేరు. పరగడుపున 126 అనే గీత జబ్బు ముప్పును చూసి గీసింది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇక అమ్మగారి విషయానికొస్తే, అదే ల్యాబ్ పాత రిపోర్టు ఉంటే ఈ కొత్తదానితో కలిపి డాక్టరుగారికి చూపించండి.