ఆకు బొమ్మ వేసే ముందు

ప్రశ్న: మాది ఖమ్మం. నాన్నకు చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్ ఉంది. నేను ఇంటర్ సీఈసీ రెండో సంవత్సరం. గ్రాఫిక్ డిజైన్ చదివి, పర్యావరణానికి హాని తగ్గించే ప్యాకింగ్, ప్రకటనలు చేయాలని నా కోరిక. ‘ఆకుపచ్చ రంగు పూసి మూలన ఆకు బొమ్మ వేసే పనికి నాలుగేళ్ల చదువెందుకు? బీకాం కంప్యూటర్స్ చేసి ప్రెస్ చూసుకో’ అంటున్నారు నాన్న. ఈ రంగంలో నిజంగా ఉద్యోగాలు ఉన్నాయా?

జవాబు: అమ్మా, మీ నాన్నగారు విసుగుతో అన్న ఆ మాట దగ్గరే మొదలుపెడదాం. ఆకు బొమ్మ వేయడం నెల రోజుల్లో వస్తుంది. ఈ ప్యాకెట్ మీద ఆ బొమ్మ వేయొచ్చా, వేయకూడదా అని తేల్చడానికి మాత్రం చదువు కావాలి.

ఈ సలహాల పనిలోకి రాకముందు నేను లేబుళ్లు డిజైన్ చేసేదాన్ని. ఒకసారి బెల్లం పొడి ప్యాకెట్ పని వచ్చింది. ‘ఆర్గానిక్ అని పెద్దక్షరాల్లో వేయండి మేడం, మా చెరుకుకు మందులు కొట్టం’ అన్నారు యజమాని. వేశాను. ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ మన దేశంలో ఆహార పదార్థాన్ని ఆ మాటతో అమ్మాలంటే గుర్తింపు పొందిన ఏజెన్సీలు ఇచ్చే ఎన్‌పీఓపీ ధ్రువీకరణో, రైతులు బృందంగా ఒకరి పొలం ఒకరు చూసుకుని పొందే పీజీఎస్-ఇండియా ధ్రువీకరణో ఉండాలని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2017 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఒక దుకాణంవాళ్లు సర్టిఫికెట్ నంబరు అడిగారు. ఆయన దగ్గర లేదు. అచ్చయిన ప్యాకెట్లన్నిటి మీదా ఆ మాట కనిపించకుండా స్టిక్కర్లు అంటించాల్సి వచ్చింది. చెత్త తగ్గించాలని మాట్లాడే నేనే ఇంకో పొర ప్లాస్టిక్ జోడించాను. ‘సర్టిఫికెట్ ఉందా?’ అని మొదటి రోజే అడిగి ఉండాల్సింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు ఆ ప్రశ్నకు చట్టం బలం కూడా ఉంది. చేసింది కొంచెమే అయినా, అసలేమీ చేయకపోయినా, పర్యావరణానికి ఎంతో మేలు చేస్తున్నట్టు చూపించడాన్ని గ్రీన్‌వాషింగ్ అంటారు. దీన్ని అడ్డుకోవడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2024 అక్టోబరు 15న మార్గదర్శకాలు ఇచ్చింది. ‘ఎకో-ఫ్రెండ్లీ’, ‘గ్రీన్’, ‘సస్టైనబుల్’, ‘నేచురల్’ లాంటి మాటలు ఆధారం లేకుండా వాడకూడదు. ఆ ఆధారం ప్రకటనలోనో, క్యూఆర్ కోడ్ ద్వారానో కొనేవాళ్లకు అందాలి. ఈ నిబంధనలు తయారీదారుతో పాటు ప్రకటన చేసిపెట్టే ఏజెన్సీకీ వర్తిస్తాయి. తప్పుదారి పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తయారీదారుకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. అందుకే కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి ఇదంతా తెలిసి ఉండడం యజమానికి కూడా అవసరమే.

గుర్తుల సంగతీ అంతే. మూడు బాణాల రీసైక్లింగ్ గుర్తును 1970లో గ్యారీ ఆండర్సన్ అనే కాలేజీ విద్యార్థి ఒక పోటీ కోసం గీశాడు. అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ 1988లో అలాంటి త్రికోణంలోనే 1 నుంచి 7 దాకా అంకెలు పెట్టింది. ఆ అంకె అది ఏ రకం ప్లాస్టికో చెబుతుంది, అంతే. మళ్లీ వాడుకలోకి వస్తుందని హామీ ఇవ్వదు. డబ్బా అడుగున అది చూసి ‘రీసైకిల్ అవుతుందిలే’ అనుకునేవాళ్లు ఎందరో. ఒక విద్యార్థి గీసిన గీత ఇంత దూరం వెళ్లింది, ఇంత అపోహకూ దారితీసింది. నువ్వు గీసేది కూడా జనం నమ్ముతారమ్మా, అది గుర్తుపెట్టుకో.

ఉద్యోగాల మాట. ‘సస్టైనబుల్ డిజైనర్ కావలెను’ అనే ప్రకటనల కోసం ఎదురుచూస్తే నిరాశపడతావు. పని ప్యాకేజింగ్ డిజైనర్, బ్రాండ్ డిజైనర్, ప్రొడక్షన్ ఆర్టిస్ట్ అనే పేర్లతో దొరుకుతుంది, ఈ తెలివి అందులో నీకు అదనపు బలం. ఇంకో దారి కూడా ఉంది. స్టాక్ మార్కెట్‌లో నమోదైన అగ్రశ్రేణి 1000 కంపెనీలు పర్యావరణ, సామాజిక బాధ్యతల మీద బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక ఇవ్వాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. ఆ లెక్కల్ని చదివేవాళ్లకు అర్థమయ్యే పేజీలుగా, గ్రాఫులుగా మలచడం డిజైనర్ పనే. గ్రాఫు సున్నా దగ్గర కాకుండా మధ్యలో మొదలైతే చిన్న తగ్గుదల కూడా కొండంత కనిపిస్తుంది. అలా గీయమని ఒత్తిడి వస్తుంది. మొదట్లో కాదనడం కష్టం, టెన్షన్ ఉంటుంది. మొదటి జీతాలు కూడా ఇంజినీరింగ్ స్నేహితులతో పోల్చుకునేలా ఉండకపోవచ్చు. ఇది ఇంట్లో ముందే చెప్పు.

నీకున్న అసలు ఆస్తి మాత్రం మీ ప్రెస్. డిజైన్ కాలేజీలో చేరే చాలామందికి కటింగ్ మిషన్ పక్కన పడే కాగితపు ముక్కలు ఎంతో తెలియదు. ఒక లెక్క చూడు. 18×23 అంగుళాల డెమ్మీ షీటులో 5.5×8.5 కరపత్రాలు 8 పడతాయి. చూడటానికి బాగుంటుందని వెడల్పు అర అంగుళం పెంచి 6×8.5 చేస్తే, మిషన్ కాగితాన్ని పట్టుకునే గ్రిప్పర్‌కూ, అంచులు కత్తిరించే ట్రిమ్మింగ్‌కూ చోటు వదిలాక 6 మాత్రమే వస్తాయి. వెయ్యి కరపత్రాలకు 125 షీట్లు సరిపోయేచోట 167 కావాలి. స్క్రీన్ మీద కనిపించని ఆ అర అంగుళం 42 షీట్లు తినేస్తుంది. ఏ ఆకు బొమ్మా దాన్ని పూడ్చలేదు. లామినేషన్ కూడా అంతే, కాగితానికి ప్లాస్టిక్ పొర అతికాక రీసైక్లింగ్‌లో విడదీయడం కష్టం. ఎక్కడ అవసరం, ఎక్కడ మెరుపు కోసమే వేస్తున్నారు అని నాన్నను అడుగు. ఆయనకు ఏ పుస్తకంలోనూ లేనంత తెలుసు. ఫ్లెక్సీలు కూడా వేస్తుంటే, 100 మైక్రాన్ల కన్నా పలుచని పీవీసీ బ్యానర్లపై 2022 జులై 1 నుంచి నిషేధం ఉందని గుర్తుచేయి. ఏటా జరిగే కార్యక్రమాల బ్యానర్లో తేదీని విడి ముక్కగా పెడితే మళ్లీ వాడుకోవచ్చు.

చదువుకు ఏ గ్రూపైనా ఫర్వాలేదు. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ డిగ్రీ బీడిజైన్‌కు యూసీడ్ రాయాలి, ఆ పరీక్ష సాధారణంగా జనవరిలో ఉంటుంది. నీకు దగ్గర్లోనే జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది, కమ్యూనికేషన్ డిజైన్ చెబుతారు, ప్రవేశానికి డ్యాట్ రాయాలి. హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ అప్లయిడ్ ఆర్ట్ కూడా మంచి దారి. పేరులో ‘గ్రీన్’ ఉందని ఏ కోర్సుకూ ఎక్కువ ఫీజు కట్టొద్దు.

ఈలోగా ఒక పని చేయి. మీ ప్రెస్‌లో అచ్చయ్యే శుభలేఖ ఒకటి తీసుకుని, లామినేషన్, ఫాయిల్ లేకుండా, ఒకే రంగులో, షీటులో ముక్క వృథా కాకుండా మళ్లీ డిజైన్ చేయి. రెండింటికీ పట్టే కాగితం, ఖర్చు నాన్నతో లెక్క వేయించు. ఇంకోవైపు, నాటితే మొలకెత్తుతుందని చెప్పి అమ్మే సీడ్ పేపర్ కార్డు ఒకటి కొని, ఇరవై ముక్కలు చేసి కుండీలో నాటు, రోజూ నీళ్లు పోస్తూ ఉండు. మూడు వారాల తర్వాత ఎన్ని మొలిచాయో నీ పనులన్నీ చూపించే పోర్ట్‌ఫోలియోలో రాయి. రెండే మొలిస్తే రెండే అని రాయి, కుండీ ఫొటో పక్కన పెట్టు.