టెక్ సందేహాలు: ముట్టుకోకుండానే గీతలు గీసే ప్యానెల్, అనూలో ఇరుక్కున్న ప్రశ్నపత్రాలు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బళ్ల నుంచే. కొన్నింటికి వివరంగా, కొన్నింటికి రెండు ముక్కల్లో.

ప్రశ్న: మా హైస్కూల్లో తొమ్మిదో తరగతి గదిలో 75 అంగుళాల ఇంటరాక్టివ్ ప్యానెల్ ఉంది. పొద్దున బాగానే ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటితే ఎవరూ ముట్టుకోకుండానే గీతలు పడతాయి, పేజీలు వాటంతటవే మారిపోతాయి. వైరస్ అంటున్నారు. ఒంటిపూట బడులు మొదలయ్యాక ఆ గోల లేదు. దానంతటదే బాగైందా, ఫార్మాట్ చేయించాలా?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: జవాబు మీ ఉత్తరంలోనే ఉందండీ. వైరస్‌కి టైమ్ టేబుల్ ఉండదు, ఎండకి ఉంటుంది. ఫార్మాట్ జోలికి పోకండి.

బళ్లలో ఉండే పెద్ద ప్యానెళ్లలో చాలావాటికి టచ్ గాజులో ఉండదు, అంచు ఫ్రేములో ఉంటుంది. ఫ్రేము లోపలివైపు వరసగా చిన్న చిన్న ఇన్‌ఫ్రారెడ్ లైట్లు, ఎదురుగా వాటిని అందుకునే సెన్సర్లు ఉంటాయి. కంటికి కనపడని కిరణాలు గాజు మీద అడ్డంగా, నిలువుగా వలలా పరుచుకుంటాయి. వేలు ఎక్కడ అడ్డొస్తే అక్కడ ముట్టుకున్నట్టు లెక్క. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది. పడమటి కిటికీలోంచి ఏటవాలు ఎండ ఫ్రేము మీద పడితే సెన్సర్లు తికమకపడతాయి. జూన్‌లో మళ్లీ రెండుపూటలా బడి మొదలైతే మీ గోల కూడా మొదలవుతుంది.

పరీక్షించడం తేలిక. ఒక మధ్యాహ్నం కిటికీకి మందపాటి దుప్పటి కట్టి చూడండి. గీతలు ఆగిపోతే దోషం ఎండదే. ముదురు రంగు పరదా వేయండి, లేదా ప్యానెల్‌ని కిటికీ ఉన్న గోడకే మార్పించండి. అప్పుడు వెలుతురు దాని వెనక నుంచి వస్తుంది.

దుప్పటి కట్టినా ఆగకపోతే సుద్దపొడిని అనుమానించండి. నల్లబల్ల పక్కనే ప్యానెల్ బిగించిన ప్రతిచోటా ఇదే తంతు. పొడి కింది అంచు గాడిలో పేరుకుని కిరణాలకు అడ్డుపడుతుంది. స్విచ్ ఆపి, పొడిగా ఉన్న మెత్తటి గుడ్డని వేలికి చుట్టి నాలుగు అంచుల లోపలివైపూ తుడవండి. నీళ్లు, కొలిన్ వద్దు. అంచుకు అంటించిన స్టిక్కర్లు, టేపు ముక్కలు పీకేయండి. సాలీడు ఒక్క పోగు అల్లినా చాలు.

తుడిచాక తెల్ల పేజీ తెరిచి, ఒక మూల నుంచి ఎదురు మూలకి వేలితో నిదానంగా ఒకే గీత గీయండి. అటు మూలల నుంచి ఇంకొకటి. రెండుమూడుసార్లు గీసినా గీత అదే చోట తెగుతుంటే అక్కడి లైటో సెన్సరో పోయినట్టు. అప్పుడు సర్వీసు వాళ్లని పిలవండి, ఎక్కడ తెగుతోందో ఫొటో తీసి పంపండి. ఎండ పడుతున్నప్పుడు మాత్రం క్యాలిబ్రేషన్ (టచ్‌ని తెరతో సరిపెట్టే అమరిక) చేయకండి, ఉన్నది కూడా చెడుతుంది.

ఇంకొక్కటి. ఈ రకం ప్యానెల్‌కి వేలికీ చీర కొంగుకీ తేడా తెలియదు. రాసేటప్పుడు గాజులు, కొంగు, చొక్కా చేతి అంచు గాజుకు తగలనక్కర్లేదు, రెండు మూడు మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చినా గీత పడుతుంది.

ప్రశ్న: మా బడి ప్రశ్నపత్రాలన్నీ డీటీపీ సెంటర్లో అనూ ఫాంట్లలో కొట్టించినవే. వాటిని గూగుల్ ఫామ్‌లో పెడదామని కాపీ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి వస్తున్నాయి.
– తెలుగు పండితుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అనూ ఫాంట్లలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లే. ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తొడుగుతుంది. ఫాంటు తీసేస్తే తొడుగు ఊడిపోతుంది. ఫోన్లు, ఫామ్‌లు, వెతుకులాట అన్నీ యూనికోడ్ తెలుగునే, అంటే తెలుగు అక్షరాలకే సొంత కోడ్‌లున్న పద్ధతినే గుర్తుపడతాయి.

పాత పత్రాలకు దారులు రెండు. డీటీపీ ఫైలు మీ దగ్గరుంటే అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, క్రారవడి, ఐత్వం ఉన్న మాటలు తప్పకుండా చదివి సరిచూడండి, తప్పులు అక్కడే దొర్లుతాయి. లెక్కల పత్రమైతే గుణకారం, భాగహారం గుర్తులు కూడా. ఫైలు లేక అచ్చు కాగితమే ఉంటే దాన్ని నిటారుగా స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. కంప్యూటర్లో దాని మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే, బొమ్మ కింద తెలుగు అక్షరాలు వస్తాయి. శుభ్రమైన అచ్చుకైతే బాగానే పనిచేస్తుంది. రెండు వరసల్లో కొట్టిన పత్రమైతే వరసలు కలిసిపోకుండా ఒక్కోదాన్ని విడిగా కత్తిరించి పెట్టండి.

కొత్తవి మొదటి నుంచీ యూనికోడ్‌లోనే కొట్టండి. విండోస్ 10, 11లలో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి తెలుగు చేర్చి, కీబోర్డుల్లో తెలుగు ఫొనెటిక్ ఎంచుకోండి. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. అచ్చుకి మండలి ఫాంటు చక్కగా ఉంటుంది, ఉచితం. రామభద్ర శీర్షికలకే, ప్రశ్నలకు వాడితే చదవలేరు. డీటీపీ వాళ్లు పేజ్‌మేకర్లోనే చేస్తామంటే అందులో యూనికోడ్ తెలుగు నడవదని చెప్పి, వర్డ్‌లో చేయించుకోండి.

ఫామ్ గురించి అడగలేదు గాని చెప్పాలి. చిన్న జవాబు ప్రశ్నకు మీరు ‘కృష్ణా నది’ అని పెట్టి, పిల్లవాడు ‘కృష్ణానది’ అని కలిపి కొడితే ఫామ్ సున్నా వేస్తుంది. రెండు రూపాలూ సరైన జవాబులుగా చేర్చండి. చేర్చినా, మార్కులు ప్రకటించే ముందు రెస్పాన్సెస్‌లో ప్రశ్నల వారీగా ఒకసారి చూడండి. మాటలు కలిపి రాసినందుకు తెలుగు పరీక్షలో మార్కు పోవడం కంటే అన్యాయం ఉంటుందా!

ప్రశ్న: మా బడిలో నెట్ రాదు. విద్యుత్ వలయాల పాఠానికి సిమ్యులేషన్ చూపించాలని ఉంది. ల్యాప్‌టాప్‌ని ప్యానెల్‌కి కలిపితే బొమ్మ వస్తోంది గాని టచ్ పనిచేయడం లేదు.
– మంగళగిరి నుంచి ఒక ఉపాధ్యాయుడు

జవాబు: హెచ్‌డీఎంఐ తీగ బొమ్మని, శబ్దాన్ని తీసుకెళ్తుంది అంతే. టచ్‌కి వేరే యూఎస్‌బీ తీగ కావాలి. ప్యానెల్‌కి టచ్ అని రాసి ఉన్న చదరపు సాకెట్‌లో ఒక కొస, ల్యాప్‌టాప్‌లో ఇంకో కొస. ప్రింటర్ తీగ సరిపోతుంది.

సిమ్యులేషన్‌కి ఫెట్ వాడండి. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఉచిత ప్రాజెక్టు. ఇంట్లో నెట్ ఉన్నప్పుడు ‘సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ’ పేజీలో డౌన్‌లోడ్ నొక్కితే ఒకే ఒక్క ఫైలు దిగుతుంది. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి క్రోమ్‌లో తెరిస్తే నెట్ లేకుండానే నడుస్తుంది.

బొమ్మ చూపించేయడానికి తొందరపడకండి. అందులో బ్యాటరీ 9 వోల్టులు, బల్బు 10 ఓములు. ఒక బల్బుతో అమ్మీటర్ 0.90 ఆంపియర్లు చూపిస్తుంది. ఇప్పుడు రెండో బల్బు శ్రేణిలో పెడతానని చెప్పి, మొదటి బల్బుకి ముందు ఎంత, తర్వాత ఎంత అని నోటుపుస్తకంలో రాయమనండి. మొదటి బల్బు కొంత కరెంటు తినేస్తుంది కాబట్టి రెండోదానికి తక్కువ వస్తుందని చాలామంది రాస్తారు. రెండుచోట్లా అమ్మీటర్లు పెట్టండి. రెండూ 0.45. ఆ తర్వాత వివరించండి. ముందే రాయించకపోతే ‘మాకు తెలుసు సార్’ అనేస్తారు, తప్పు అభిప్రాయం లోపల అలాగే ఉండిపోతుంది.

మర్నాడు నిజం సెల్లు, టార్చి బల్బులతో అదే చేయించండి. కరెంటు సరిగ్గా సగం కాదు, సగం కంటే కాస్త ఎక్కువ వస్తుంది. మందంగా వెలిగే బల్బులో ఫిలమెంటు వేడి తక్కువ, నిరోధమూ తక్కువ. వదులు కనెక్షన్ అంటే ఏమిటో కూడా అప్పుడే తెలుస్తుంది, సిమ్యులేషన్‌లో తీగ వదులవదు.

ప్రశ్న: పిల్లలు వ్యాసాలు చాట్‌జీపీటీతో రాసుకొస్తున్నారు. పట్టుకునే సాఫ్ట్‌వేర్ చెప్పండి.
– తెనాలి

జవాబు: నమ్మదగింది లేదు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే తన గుర్తింపు పనిముట్టుని కచ్చితత్వం చాలక 2023 జులైలో తీసేసింది. అలాంటి దాన్ని నమ్మి పిల్లవాణ్ని దొంగ అనకండి. ‘ప్రకాశం బ్యారేజీ గురించి రాయుము’ అని ఇస్తే యంత్రమే రాస్తుంది. ‘మీ ఇంటికి తాగునీరు ఎక్కడి నుంచి వస్తోంది, ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాయుము’ అని ఇవ్వండి. మొదటి పేరా తరగతిలోనే రాయించండి. గూగుల్ డాక్స్‌లో రాసేవాళ్లయితే ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ చూస్తే వ్యాసం దఫాలుగా పెరిగిందో, ఒక్కసారిగా వచ్చి పడిందో తెలుస్తుంది. అదీ రుజువు కాదు, పక్కన కూర్చోబెట్టుకుని అడగడానికి ఒక మొదలు.

ప్రశ్న: వేసవి సెలవులకు 30 ట్యాబ్‌లు బీరువాలో పెట్టాలి. ఫుల్ చార్జింగ్ పెట్టి దాచమంటారా?
– పటమట, విజయవాడ

జవాబు: వద్దు. సగానికి, అంటే 50 శాతం దగ్గర ఆపి, పూర్తిగా స్విచాఫ్ చేసి దాచండి. ఫుల్ చార్జింగూ మే నెల వేడీ కలిస్తే బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది, సున్నాతో పెడితే జూన్‌లో లేవకపోవచ్చు. రేకుల గదిలో, పడమటి గోడకి ఆనించిన ఇనప బీరువాలో పెట్టకండి. సెలవుల మధ్యలో ఒకసారి చూసి, తగ్గినవాటిని మళ్లీ సగానికి తేండి. తెర ఫ్రేము నుంచి పైకి లేచినట్టుంటే బ్యాటరీ ఉబ్బిందన్నమాట. దాన్ని చార్జింగ్ పెట్టకుండా, నొక్కకుండా విడిగా ఉంచండి.

బదిలీ మీద వెళ్లే టీచర్ల గూగుల్ అకౌంట్లు ట్యాబ్‌లలో ఉంటే, వాళ్లు వెళ్లకముందే సెట్టింగ్స్‌లోకి పోయి తీసేయించండి. అలా తీయకుండా రికవరీ నుంచి రీసెట్ కొడితే ట్యాబ్ పాత అకౌంటు పాస్‌వర్డే అడుగుతుంది, అప్పటికి ఆ మాస్టారు ఏ మండలంలో ఉంటారో!