స్పెషల్ టీమ్స్‌లోకి రామంటున్నారు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళి పరిసరాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుర్రాళ్ళు ముప్పై మంది దాకా వారాంతాల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నారు, వారికి శిక్షణ నేనిస్తున్నాను. అఫెన్స్‌లోనూ డిఫెన్స్‌లోనూ చోటు దొరకనివారినే ఇన్నాళ్ళూ స్పెషల్ టీమ్స్‌లో, అంటే బంతిని కాలితో తన్నే సందర్భాల్లో దిగే దళంలో, వేస్తూ వచ్చాను. ఇప్పుడు ఆ పేరెత్తితే చాలు, ‘నన్ను పక్కన పెట్టేశారా అన్నా?’ అంటున్నారు. పోయిన నెల మా గోల్ లైన్ దగ్గర పంట్ చేయబోతే (బంతిని దూరంగా తన్ని ఎదుటివారికి వదిలేయబోతే), స్నాప్, అంటే స్నాపర్ కాళ్ళ మధ్య నుంచి వెనక్కి విసిరిన బంతి, పంటర్ తల మీదుగా గోల్ లైన్ వెనకుండే ఎండ్ జోన్ దాటిపోయింది. సేఫ్టీ కింద రెండు పాయింట్లు ఇచ్చుకుని, ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. ఈ దళానికి మెళకువలూ, మా దళమన్న అభిమానమూ ఎలా నేర్పాలి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మిగిలినవాళ్ళందరినీ ఒకచోట చేర్చి దానికి ‘స్పెషల్’ అని పేరు పెడితే, అందులోని వెటకారం కుర్రాళ్ళకు తెలియకపోదు. 1987 నుంచి 2015 దాకా అమెరికాలో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయ జట్టును నడిపిన ఫ్రాంక్ బీమర్, ఈ విభాగాన్ని స్వయంగా చూసుకుంటూ ప్రధాన ఆటగాళ్ళనే అందులో దింపేవాడు. ఎదుటివారి కిక్కులను అడ్డుకోవడంలో ఆ జట్టుకు వచ్చిన పేరుతోనే ‘బీమర్‌బాల్’ అన్న మాట పుట్టింది. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బఫెలో బిల్స్ జట్టుకు చెందిన స్టీవ్ టాస్కర్ ఏడుసార్లు ప్రో బౌల్‌కు, అంటే ఆ లీగ్ మేటి ఆటగాళ్ళ పోటీకి, ఎంపికైంది ప్రధానంగా కిక్కుల వెంట పరుగెత్తి రిటర్నర్లను (కిక్కును అందుకుని ఎదురు పరుగెత్తేవారిని) పడగొట్టినందుకే. కాబట్టి మీ డిఫెన్స్‌లో అందరికన్నా చురుకైన ఇద్దరిని గన్నర్లుగా, అంటే రెండు అంచుల్లో నిలబడి పంట్ పడేచోటికి ముందుగా చేరేవారిగా పెట్టండి. తక్కినవారి మాట తీరు దానితోనే మారుతుంది.

ఇక మీ స్నాప్ సంగతి. పంట్‌కు బంతి స్నాపర్ కాళ్ళ మధ్య నుంచి దాదాపు 15 గజాలు వెనక్కి, పంటర్ తన్నే కాలి వైపు తుంటి ఎత్తుకు రావాలి. బాగా ఆడేచోట అది 0.8 సెకనులో చేరుతుంది. మీవాళ్ళకు ఒక సెకను చాలు, కానీ స్టాప్‌వాచ్ పెట్టి కొలవండి. బంతిని వదిలే క్షణంలో నడుము పైకి లేస్తే బంతి కూడా లేస్తుంది. వదిలాక రెండు అరచేతులూ బయటికి తిరిగి, వేళ్ళు పంటర్‌ను చూపిస్తుండాలి. అయితే మీకు జరిగిన పొరపాటు వేరే అయి ఉంటుందని నా అనుమానం. బంతి మీ 3 గజాల గీత మీద ఉందనుకోండి. ఎండ్ జోన్ లోతు 10 గజాలే కనుక పంటర్‌కు 13 గజాలకు మించి చోటు ఉండదు, కానీ స్నాపర్ చేయి 15 గజాలకే అలవాటుపడి ఉంటుంది. దగ్గరి దూరాలు సాధన చేయించకపోతే తప్పు అతనిది కాదు, మీది. బెంగళూరులో సాయంత్రం వాన చెప్పి రాదు కాబట్టి, పక్కన ఒక బకెట్ నీళ్ళు పెట్టుకుని తడిబంతితో కూడా వేయించండి.

కికాఫ్ కవరేజి, అంటే ఆట మొదలుపెట్టే కిక్కు వెంట పరుగెత్తి రిటర్నర్‌ను ఆపడం గురించి మన కుర్రాళ్ళకు ఎక్కువ చెప్పనక్కరలేదు. చెడుగుడులో గొలుసు తెగితే కూతగాడు ఎక్కడి నుంచి జారిపోతాడో వారికి తెలుసు. ఇక్కడా ఒకడు తన వరుస వదిలి బంతి వెంట పడితే ఆ సందులోనే రిటర్నర్ దూరిపోతాడు. సాధనలో మాత్రం పూర్తి వేగంతో ఢీకొట్టించకండి. అలాంటి దెబ్బలు తగ్గించడానికే ఎన్‌ఎఫ్‌ఎల్ 2024లో కికాఫ్ పద్ధతినే మార్చింది.

పంట్‌ను అడ్డుకునేవాడు చూడవలసింది పంటర్‌ను కాదు, అతని పాదానికి కాస్త ముందు బంతి లేచే చోటును. అక్కడ నేల మీద ఒక తువ్వాలు పరిచి, పక్క నుంచి దాని మీదుగా అడ్డంగా దూకించండి. కళ్ళు తెరిచే ఉండాలి, రెండు చేతులూ దగ్గరగా ఉండాలి. నేరుగా పంటర్ మీద పడితే 15 గజాల జరిమానా, పైగా బంతి మళ్ళీ వారికే.

అభిమానం ఉపన్యాసంతో రాదు. సాధన చివర అలసిపోయాక పది నిమిషాలు విదిలించే అలవాటు మానేసి, మొదటి ఇరవై నిమిషాలు ఈ దళానికే ఇవ్వండి. ప్రతి స్నాప్ సమయాన్నీ, వరుస వదలనివారి పేర్లనూ రాసి ఆ రాత్రే మీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. తల మీదుగా స్నాప్ వేసిన ఆ కుర్రాడిని మాత్రం మార్చకండి. వచ్చే ఆదివారం 13 గజాల దగ్గరే అతనితో మొదలుపెట్టండి.