లేసును కత్తిరించే ముందు

పాలకొల్లు.

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

భీమవరంలోని కొత్త ఇంటి హాలు గోడకు నీ చేతితోనే ఒక కాన్వాసు చిత్రం చేసుకోవాలనుకుంటున్నావనీ, అందులో మా అమ్మ అల్లిన లేసు గుడ్డనూ పెరటి కొబ్బరి పీచునూ కాస్త గోదావరి ఇసుకనూ కలపాలనుకుంటున్నావనీ నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి నా ధ్యాసంతా దాని మీదే ఉంది. ఏ జిగురు వాడాలని అడిగావు. జిగురు సంగతి చెబుతాను గాని, దానికంటే ముందు నువ్వు పట్టించుకోవలసింది మన గాలిలోని తేమను. చుట్టూ కాలువలూ వరిచేలూ చేపల చెరువులూ ఉన్న ఊళ్లో, గోడకు వేలాడే ఏ వస్తువైనా ఏడాదిలో నాలుగైదు నెలలు తడిగాలి పీలుస్తూనే ఉంటుంది. అందువల్ల కాన్వాసు మీదికి ఎక్కే ప్రతి వస్తువూ ముందు శుభ్రపడాలి, ఆపైన పూర్తిగా ఆరాలి, చివరకు పూత కింద భద్రపడాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా మొదటి వర్షాకాలంలోనే అది బయటపడుతుంది.

ఈ మాట నాకు అనుభవం మీద తెలిసింది. డ్రాయింగు టీచరుగా చేరిన కొత్తలో అంతర్వేది సముద్రపు ఒడ్డు నుంచి సన్నని ఇసుక తెచ్చి, కడగకుండానే తెల్లని వడ్రంగి జిగురులో కలిపి, ఒక పెద్ద కాన్వాసు మీద గోదావరి లంకను చిత్రించాను. వేసవి అంతా చూడముచ్చటగా ఉంది. శ్రావణం వచ్చేసరికి ఇసుకలోని ఉప్పు తేమను లాక్కుని చెమ్మగిల్లింది, భాద్రపదానికి దాని మీద తెల్లని పొడి తేలింది, వేలితో తాకితే లంక పొలుసులు పొలుసులుగా ఊడి చేతిలోకి వచ్చింది. సముద్రపు ఇసుకను నేను నాలుగు నీళ్లు పోసి కడగవలసింది. వడ్రంగి జిగురు ఎండిన తరువాత కూడా తడి తగిలితే మెత్తబడుతుందన్న సంగతీ అప్పుడు నాకు తెలియదు. నువ్వు ఏటి ఇసుకే వాడు. దానిని కూడా కడిగిన నీళ్లు తేటగా వచ్చే వరకు కడిగి, జల్లించి, రెండు రోజులు ఎర్రటి ఎండలో పోసి, ఆ తరువాతే డబ్బాలోకి ఎత్తు. జిగురుగా, నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగుల దుకాణంలో దొరికే జెల్ మీడియం అనే చిక్కని ముద్ద తీసుకో. ఖరీదు ఎక్కువే గాని, ఎండిన తరువాత నీటికి కరగదు. మైదాతో ఉడికించిన జిగురు జోలికి వెళ్లకు, పురుగులకు అంతకంటే ఇష్టమైన ఆహారం లేదు.

నువ్వు కొన్న కాన్వాసు 24 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు అన్నావు. వేలితో మీటితే డప్పులా మోగాలి. వదులుగా ఉంటే చట్రం మూలల్లోని చిన్న చెక్క చీలలను మెల్లగా లోపలికి కొట్టి బిగించు. దుకాణంలో కొన్న కాన్వాసుకు ఒక పూత ఉంటుంది గాని, ఇసుకా పీచూ మోయబోయే బట్టకు అది చాలదు. జెస్సో అనే తెల్లని పూతను మరి రెండుసార్లు వెయ్యి. మొదటిది అడ్డంగా, రెండవది నిలువుగా, మధ్యలో సన్నని గరుకు కాగితంతో ఒకసారి తేలికగా రుద్ది. రాళ్లు, పెంకులు, గవ్వలు అతికించాలన్న ఆలోచన ఉంటే కాన్వాసును పక్కన పెట్టి పలుచని ప్లైవుడ్ పలక తెచ్చుకో. బరువుకు బట్ట కుంగుతుంది, కుంగిన చోట పూత పగులుతుంది.

కొబ్బరి పీచును నువ్వు తేలికగా తీసుకుంటున్నావేమోనని నా అనుమానం. పచ్చి పీచులో వగరు ఉంటుంది. దానిని అలాగే అంటిస్తే కొద్ది రోజులకే గోధుమరంగు నీరు దిగి తెల్లని పూతంతా టీ మరకలు పడినట్లవుతుంది. నానబెట్టిన నీరు రంగు మారకుండా ఉండే వరకు, అవసరమైతే వారం రోజులు, రోజూ నీళ్లు మార్చు. అరటి నార అంత బాధ పెట్టదు. డొప్పను కత్తి వీపుతో గీరి, నారను కడిగి, నీడలో ఆరబెడితే పట్టుదారంలా మెరుస్తుంది. రావులపాలెం వైపు వెళ్లినప్పుడు నరికేసిన అరటి బోదె ఒకటి అడుగు, ఎవరూ కాదనరు. పాత చీర ముక్కలు వాడదలిస్తే గంజి పూర్తిగా పోయేలా ఉతుకు. వార్తాపత్రిక కాగితాన్ని పైకి కనిపించేలా అంటించకు, అది తప్పకుండా పసుపెక్కుతుంది.

ఇక లేసు. మన నరసాపురం, పాలకొల్లు ఊళ్లలో ఆడవాళ్లు ఈ అల్లికను 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల దగ్గర నేర్చుకుని, ఇంటి అరుగుల మీద కూర్చుని తరతరాలుగా అల్లుతూ వచ్చారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మా అమ్మ గుడ్డ మధ్యలో ఎనిమిది రేకుల పువ్వు ఉంది. ఒక రేకు చివర ఆమె ఒక ముడి ఎక్కువ వేసింది, వెలుతురుకు ఎత్తి చూస్తే అక్కడ చిన్న ఉబ్బు కనిపిస్తుంది. ఆ ఉబ్బు చిత్రంలో దాగిపోకూడదు. కాబట్టి జిగురును లేసు మీద పోయకు. గోరువెచ్చని సబ్బు నీటిలో జాడించి, తువ్వాలు మీద పరచి, ఆకారం చెడకుండా గుండుసూదులు గుచ్చి నీడలో ఆరబెట్టు. కాన్వాసు మీద అడుగు రంగు బాగా ఎండిన తరువాత, లేసు కూర్చునే చోటు వరకే జెల్‌ను పలుచగా పూసి, దాని మీద లేసును పరచి, పొడి కుంచెతో నడుమ నుంచి అంచులకు తట్టుకుంటూ పో. కన్నాల్లోకి పొంగిన జెల్‌ను అప్పటికప్పుడే కుంచె కొనతో ఎత్తెయ్యి; ఎండితే ఇక రాదు. ఒక రోజు ఆగి, పైన అదే జెల్ మీడియంను నీళ్లతో పలుచన చేసి ఒక్క పూత వెయ్యి. ఆ తరువాత బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి గోధుమ రంగును నీళ్లలా కలిపి మీద రాసి, వెంటనే మెత్తని గుడ్డతో తుడిచెయ్యి. రంగు కన్నాల్లో నిలుస్తుంది, దారం తెల్లగా పైకి తేలుతుంది, మా అమ్మ చేతి లెక్క కుట్టు కుట్టుకూ కనిపిస్తుంది.

అంటించడం కూడా చిత్రకళేనా అని మీ ఆయన అడిగాడన్నావు. 1912లో పికాసో ఒక ఆయిల్‌క్లాత్ ముక్కను కాన్వాసు మీద అంటించి, చుట్టూ తాడు బిగించి చట్రం చేశాడని అతనికి చెప్పు. అయితే అంటించినదానికి చిత్రంలో ఒక పని ఉండాలి. లేసును మూలకు అలంకారంగా పెట్టకు. సాయంత్రం కాలువ నీటి మీద వెలుగు తునకలు తునకలుగా పడుతుంది చూశావా, లేసు ఆ వెలుగు కావాలి. పీచు గట్టు మీది కొబ్బరి చెట్ల మానుకు, ఇసుక లంకకు, అంతే. మూడు వంతుల్లో రెండు వంతులు రంగు తప్ప మరేమీ లేకుండా వదిలెయ్యి. చోటు వదలడం నేర్చుకోవాలంటే ఒక ఆదివారం రాజమహేంద్రవరం వెళ్లి దామెర్ల రామారావు చిత్రశాలలో రెండు గంటలు కూర్చో. ముప్పై ఏళ్లు కూడా నిండకుండా 1925లో పోయిన ఆ మహానుభావుడి చిత్రాల ముందు నిలబడినప్పుడల్లా నేను నా కాన్వాసుల మీది సగం సామానును మనసులోనే తీసేసుకునేదాన్ని.

రంగులు నాలుగు చాలు: తెలుపు, ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు, బర్న్ట్ సియెన్నా, ఒక ఆకుపచ్చ. మొదటి మూడింటితో వరద నీటి ఎరుపు వస్తుంది, ఓకర్ కలిసిన ఆకుపచ్చతో నారుమడి వస్తుంది. అటక మీద మిగిలిన పాత ఆయిల్ రంగులను అడుగున వెయ్యకు. ఎండిన అక్రిలిక్ మీద ఆయిల్ నిలుస్తుంది గాని, ఆయిల్ మీద అక్రిలిక్ పట్టదు. గట్టు ఎత్తుగా రావాలని మోడలింగ్ పేస్టు అనే గట్టి ముద్దను ఒకేసారి దట్టంగా మెత్తితే పైన పెచ్చు కట్టి లోపల పచ్చిగా ఉండిపోయి, ఆనక బీటలు వారుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల పొరలుగా, పొరకూ పొరకూ మధ్య ఒక రోజు ఎడం ఇచ్చి వెయ్యి, త్వరగా ఆరాలని హెయిర్ డ్రయ్యర్ పెట్టకు. బజారులో చవకగా దొరికే బంగారు రేకు అసలు బంగారం కాదు, ఇత్తడి. వార్నిషు వెయ్యకపోతే మన ఉప్పుగాలికి నల్లబడుతుంది. వార్నిషు తొందరపడి వెయ్యకు, రెండు మూడు వారాలైనా ఆగు.

గోడ ఎంపికను కూడా పనిలో భాగమే అనుకో. స్నానాల గదికి ఆనుకున్న గోడా, వాన జల్లు కొట్టే బయటి గోడా పనికిరావు. ఉదయాన్నే అరచెయ్యి ఆనించి చూడు, చల్లగా జిగటగా తగిలితే మరో గోడ వెతుక్కో. చట్రం వెనుక కింది మూలల్లో రెండు బెండు ముక్కలు అంటిస్తే గోడకూ కాన్వాసుకూ నడుమ గాలి ఆడుతుంది. దుమ్ము దులపడానికి పొడి కుంచె తప్ప తడిగుడ్డ ముట్టనివ్వకు, పనమ్మాయికి ముందే చెప్పు.

ఈ పనంతా సంక్రాంతి తరువాత మొదలుపెట్టి ఉగాదిలోగా ముగించేలా చూసుకో. ఆ రోజుల్లో పొరలు చక్కగా ఆరుతాయి. ముందు ఒక అడుగు అట్ట మీద బజారు లేసుతో నమూనా చేసి ఉంచు. మాఘమాసంలో నేను భీమవరం వచ్చి దానిని చూస్తాను. అమ్మ లేసు మీద అప్పటివరకు కత్తెర పెట్టకు. ఎక్కడ కత్తిరించాలో, అసలు కత్తిరించకుండా మడిచి ఇమడ్చగలమో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ పెద్దమ్మ