గ్లైడర్ వించ్‌కి ఏ బ్యాటరీ కొనాలి? ముందు ఏహెచ్ సంగతి మర్చిపోండి

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాను. హాబీ మానేస్తున్న ఒక పెద్దాయన దగ్గర రేడియో కంట్రోల్ గ్లైడర్లు లేపే పాత వించ్ (తాడుని గబగబా చుట్టి గ్లైడర్‌ని గాలిపటంలా పైకి లాగే యంత్రం) కొన్నాను. ఫోర్డ్ స్టార్టర్ మోటార్, కాలితో నొక్కే పెడల్, డ్రమ్ అన్నీ ఉన్నాయి, బ్యాటరీ మాత్రం లేదు. కారు బ్యాటరీ పెట్టాలా, డీప్ సైకిలా (నెమ్మదిగా, చాలాసేపు కరెంటు ఇచ్చే రకం), ఏజీఎమ్మా (యాసిడ్‌ని గాజుపీచులో పీల్చి ఉంచే సీల్డ్ రకం), లిథియమా? ఎన్ని ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అంటే బ్యాటరీలో ఉండే నిలవ) ఉంటే ఒక శనివారం గడుస్తుంది?

జవాబు:

మీరు చివర్లో అడిగిందానితోనే మొదలుపెడతానండీ. నేనూ సరిగ్గా అక్కడే తప్పులో కాలేశాను కాబట్టి.

ఒంగోలులో మా ఇంట్లో మెట్ల కింద 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉండేది, ఇన్వర్టర్‌కి. కరెంటు పోతే ఎన్ని గంటలు ఫ్యాన్లు తిరుగుతాయన్నదే మాకు తెలిసిన లెక్క. నెలకోసారి మా నాన్న డిస్టిల్డ్ వాటర్ పోస్తుంటే టార్చిలైటు పట్టుకోవడం నా డ్యూటీ. ఆ అలవాటుతోనే ఇక్కడ టెక్సాస్‌లో వించ్ కొన్నప్పుడు ఏహెచ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకుని, చేపల పడవ మీద ట్రోలింగ్ మోటార్‌కి వాడిన పెద్ద డీప్ సైకిల్ బ్యాటరీ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చాను. మోయడానికి ఇద్దరం కావలసొచ్చింది. ఫీల్డులో పెడల్ నొక్కితే డ్రమ్ మూలుగుతూ తిరిగింది. గ్లైడర్ ముప్ఫై మీటర్లు కూడా లేవకుండానే ముక్కు దించింది. మీటర్ పెట్టి చూస్తే, ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించిన బ్యాటరీ పెడల్ నొక్కగానే 8కి పడిపోతోంది.

లెక్క చూడండి. పెడల్‌ని కొట్టికొట్టి వదిలే హాబీ లాంచ్‌లో మోటార్ సగటున 200 ఆంపియర్లు లాగుతుందనుకుందాం, మొత్తం కలిపి ఎనిమిది సెకన్లు. 1600 ఆంపియర్-సెకన్లు, అంటే అర ఏహెచ్ కూడా కాదు, 0.44. శనివారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అరవై లాంచ్‌లు వేసినా ఖర్చయ్యేది 27 ఏహెచ్. మామూలు 75 ఏహెచ్ బ్యాటరీకి ఇది మూడో వంతు పైచిలుకే. నిలవ ఎప్పుడూ సమస్య కాదు. ఆ 200, 300 ఆంపియర్లు ఒక్కసారిగా ఇస్తూ వోల్టేజీ నిలబెట్టుకోగలదా అన్నదే ప్రశ్న. అది తేల్చేది బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్. ట్యాంకులో నీళ్లు ఎన్నున్నా పైపు సన్నంగా ఉంటే ధార సన్నగానే వస్తుంది కదా, అదే సంగతి.

కాబట్టి స్టిక్కర్ మీద చూడాల్సిన నంబరు సీసీఏ, అంటే కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్. పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్లపాటు, 7.2 వోల్టుల కిందికి పోకుండా, ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో అది చెబుతుంది. మెరైన్ (పడవల) బ్యాటరీల మీద ఎంసీఏ (మెరైన్ క్రాంకింగ్ ఆంప్స్) అని ఇంకా పెద్ద నంబరు వేస్తారు, దాన్ని చూసి మురిసిపోకండి. అది సున్నా డిగ్రీల దగ్గర కొలిచింది, అందుకే పెద్దగా కనిపిస్తుంది.

కొనేముందు ఇంకో పని చేయండి: ఆ పెద్దాయన ఇచ్చిన కేబుళ్లు చూడండి. నా వించ్‌తో వచ్చినవి చవకరకం జంపర్ కేబుళ్లు. పైన రబ్బరు బొటనవేలంత లావు, లోపల రాగి మాత్రం 8 గేజ్ (గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది). రానూపోనూ నాలుగు మీటర్ల 8 గేజ్ తీగకి దాదాపు 8 మిల్లీ ఓమ్‌లు. 250 ఆంపియర్లు పారితే రెండు వోల్టులు తీగలోనే ఆవిరి! అదే 2 గేజ్ తీగైతే అర వోల్టు. నేను కొత్త బ్యాటరీకి డబ్బులు పోశాక ఇది కనిపెట్టాను. వెల్డింగ్ కేబుల్ కొని, లగ్‌లు గట్టిగా క్రింప్ చేయించుకుంటే ఆ పాత డీప్ సైకిల్ కూడా కాస్త బతికుండేదేమో.

బలహీనమైన బ్యాటరీతో నెట్టుకొద్దామనుకుంటే ఇంకో గొడవుంది, ఇది లాంచ్ ఎత్తు తగ్గడం కన్నా పెద్దది. పెడల్ నేరుగా మోటార్‌కి కరెంటు ఇవ్వదు, సాలినాయిడ్‌ని (అయస్కాంతంతో పనిచేసే పెద్ద స్విచ్) లాగుతుంది. వోల్టేజీ పడిపోతే సాలినాయిడ్ కాయిల్‌కి పట్టు చాలక లోపలి రాగి కాంటాక్టులు టకటకలాడతాయి. ప్రతి టకటకకీ నిప్పురవ్వ లేస్తుంది. అలా కొట్టుకుని కొట్టుకుని ఒక సాయంత్రం, నలభయ్యో లాంచో ఏదో, నా సాలినాయిడ్ అతుక్కుపోయింది. పెడల్ మీంచి కాలు తీసేశాను, డ్రమ్ ఆగలేదు. గ్లైడర్ అప్పటికే హుక్ వదిలేసింది గనక బతికిపోయింది. కానీ చివర పారాచూట్, రింగు కట్టిన లైన్ నేల మీద పాములా దూసుకొస్తోంది. పక్కనున్నాయన ఒక్క అంగలో వచ్చి బ్యాటరీ క్లిప్ పీకేశారు. ఆ మర్నాడే నేను ప్లస్ వైపు చేత్తో తిప్పి ఆపే మాస్టర్ స్విచ్ పెట్టించాను. మీ వించ్‌కి అది లేకపోతే బ్యాటరీ కన్నా ముందు అది కొనండి.

సరే, అయితే దొరికినవాటిలో అన్నిటికన్నా బలమైనది తెచ్చేద్దామా? నేను అదీ చేశాను. డీప్ సైకిల్ మీద కోపంతో 800 పైన సీసీఏ ఉన్న ఏజీఎమ్ బ్యాటరీ కొన్నాను. ఏజీఎమ్ లోపలి రెసిస్టెన్స్ మామూలు నీళ్ల బ్యాటరీ కన్నా తక్కువ. ఆ వారం ఎగరేసింది చెక్కతో కట్టుకున్న రెండు మీటర్ల గ్లైడర్. రెక్కకి బాల్సా పక్కటెముకలు, పొడవునా సన్న స్ప్రూస్ స్పార్లు (రెక్క బరువు మోసే దూలాలు), పైన ఎర్ర ఫిల్మ్. మూడు నెలల రాత్రుళ్లు గ్యారేజీలో కూర్చుని కట్టింది. పాత బ్యాటరీతో ఉన్న అలవాటు కొద్దీ పెడల్ మీద కాలు అదిమి పెట్టే ఉంచాను. గ్లైడర్ నిలువుగా లేచింది, రెక్కలు విల్లులా వంగాయి. అబ్బా అనుకునేలోపే "ఫట్". ఎడమ రెక్క మధ్యకి విరిగి తాళ్లన్నీ తెగిన గాలిపటంలా తిరుగుతూ పడింది. చూస్తున్నవాళ్లలో ఒకాయన నెమ్మదిగా, "ఇప్పుడు నీ బ్యాటరీ బాగుంది" అన్నారు.

స్టార్టర్ మోటార్ తత్వం అలాంటిది. భారం పెరిగి వేగం తగ్గేకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది, లాగినకొద్దీ టార్క్ పెరుగుతుంది. రెక్క గాలిలో ఎంత గట్టిగా ఎదురు లాగితే మోటార్ అంత మొండికేస్తుంది. మధ్యలో తగ్గేది ఉండాలంటే మీ కాలైనా తగ్గాలి, బ్యాటరీ అయినా తగ్గాలి. కార్బన్ అచ్చు రెక్కలున్నవాళ్లకి కాలు అదిమి పెట్టినా అంత భయం ఉండదు. చెక్క రెక్కలున్నవాళ్లకి బ్యాటరీ కొంచెం మెత్తగా ఉండటమే ఇన్సూరెన్సు.

పోటీల్లో కూడా అందుకే పరిమితి పెట్టారు. ఎఫ్ఏఐ (అంతర్జాతీయ విమాన క్రీడల సమాఖ్య) వాళ్ల ఎఫ్3బీ గ్లైడర్ పోటీ నిబంధనల్లో వించ్‌కి 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీయే ఉండాలి. బ్యాటరీ, కేబుళ్లు, స్విచ్, మోటార్ అన్నీ కలిపి రెసిస్టెన్స్ 23 మిల్లీ ఓమ్‌లకి తగ్గకూడదు. 12ని 0.023తో భాగించండి: మోటార్ పూర్తిగా ఆగిపోయినా 520 ఆంపియర్ల దరిదాపుల్లోనే ఆగుతుంది. తక్కువొస్తే మధ్యలో ఒక స్థిర రెసిస్టర్ కలుపుకోవచ్చు. మోటార్‌కీ బ్యాటరీకీ మధ్య ఎలక్ట్రానిక్ పరికరాలేవీ పెట్టకూడదు. తాడు తిరిగొచ్చే కప్పీ వించ్ నుంచి 200 మీటర్లు దాటకూడదు. బ్యాటరీ కోల్డ్ క్రాంకింగ్ మీద కూడా గరిష్ఠ హద్దుంది. జర్మన్ డిన్ ప్రమాణం లెక్కలో 300 ఆంపియర్లు, అమెరికన్ ఎస్ఏఈ ప్రమాణం (ఇక్కడి సీసీఏ) లెక్కలో 500. రెండు నంబర్లూ ఒకే తరహా బ్యాటరీవి, కొలిచే పద్ధతులు వేరు. యూరప్ వాళ్లు "300 చాలు" అని రాస్తే చదివి ఇక్కడ 300 సీసీఏ బ్యాటరీ కొనేవాళ్లున్నారు, మీరు ఆ పని చేయకండి.

ఇక నా సలహా. గ్రూప్ 27 సైజులో, స్టార్టింగ్‌కీ డీప్ సైకిల్‌కీ రెండింటికీ పనికొచ్చే మామూలు నీళ్ల మెరైన్ బ్యాటరీ, 550 నుంచి 600 సీసీఏ (హాబీకి; ఎఫ్3బీ పోటీకైతే పైన చెప్పిన 500 దాటకూడదు). అంతే. కారు బ్యాటరీ ప్లేట్లు పల్చనివి, కరెంటు బ్రహ్మాండంగా ఇస్తుంది. కానీ కారులో వెంటనే ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తుంది, ఫీల్డులో ఎవరు చేస్తారు? రోజంతా దించుతూ పోయి, ఇంటికెళ్లి బద్ధకించి మర్నాడు చార్జింగ్ పెడితే ఏడాదిన్నరకే చేతులెత్తేస్తుంది. డ్యూయల్ పర్పస్ దీనికి మధ్యస్థంగా ఉంటుంది. నాది ఇప్పుడు నాలుగో ఏడు.

లిథియం సంగతి అడిగారు గనక: బరువు తక్కువన్న మాట నిజమే. కానీ మార్కెట్లో దొరికే 100 ఏహెచ్ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీల్లో చాలావాటికి లోపలి బీఎమ్ఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) 100 ఆంపియర్ల దగ్గర హద్దు గీస్తుంది. గ్లైడర్ సగం ఎత్తులో ఉండగా కరెంటు కట్ చేసిందంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ హద్దు లేని స్టార్టింగ్ రకం కొంటే వోల్టేజీ పెద్దగా పడకుండా నిలబడుతుంది, మళ్లీ నా ఎర్ర గ్లైడర్ కథే. నేనైతే పెట్టను.

కొన్నాక బ్యాటరీని చంపేది లాంచ్‌లు కాదు, మన టెక్సాస్ గ్యారేజీ. జులై, ఆగస్టుల్లో లోపల ఉడికిపోతుంది, వేడికి ప్లేట్లు తొందరగా తినేసుకుపోతాయి. పైగా సగం చార్జ్‌తో వదిలేస్తే సల్ఫేట్ గట్టిపడుతుంది. ఫీల్డు నుంచి వచ్చిన రాత్రే చార్జర్ తగిలించి, నిండాక చిన్న మెయింటెయినర్ (నిండిన చార్జ్‌ని అలాగే నిలబెట్టే చార్జర్) మీద వదిలేయండి. రెండు నెలలకోసారి మూతలు తీసి నీళ్లు చూడండి (మా నాన్న చూస్తే నవ్వుతారు, ఒంగోలు వదిలినా డిస్టిల్డ్ వాటర్ వదల్లేదని). చార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది, క్లిప్పులు తగిలించేటప్పుడు, తీసేటప్పుడు చార్జర్ ఆపి ఉంచండి. బ్యాటరీని పట్టీ ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టే మోయండి. ఒట్టి బ్యాటరీని పొట్టకి ఆనించి మోసుకొచ్చిన ఒక ఆదివారం నా జీన్స్‌కి ఏమీ కాలేదనుకున్నాను. మూడో రోజు వాషింగ్ మెషీన్‌లోంచి తీస్తే తొడ దగ్గర జల్లెడ. మా ఆవిడ అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

షాపులో కోర్ డిపాజిట్ అని అదనంగా పట్టుకుంటారు, పాత బ్యాటరీ ఇస్తే వెనక్కి ఇస్తారు. మీకు పాతది లేదు కదా, తెలిసినవాళ్ల గ్యారేజీలో చచ్చిన కారు బ్యాటరీ ఏదైనా ఉంటే అడిగి పట్టుకెళ్లండి. వాళ్లకీ అడ్డు తొలగుతుంది.

తెచ్చాక మొదటి రోజు మల్టీమీటర్ నేరుగా బ్యాటరీ టెర్మినళ్ల మీద పెట్టి, ఇంకొకరిని చూడమని, బలంగా లాగుతున్న క్షణంలో వోల్టేజీ ఎంతకి పడిందో రాసుకోండి. 10 పైన ఉంటే చాలా బాగున్నట్టు, 9 దగ్గర ఆడితే పనికొస్తుంది, 8కి దిగితే షాపుకి తీసుకెళ్లి టెస్ట్ చేయించండి. తర్వాత మీటర్‌ని మోటార్ టెర్మినళ్ల మీదకి మార్చి మళ్లీ చూడండి. రెండింటికీ మధ్య ఒక వోల్టు కన్నా ఎక్కువ తేడా ఉంటే తప్పు బ్యాటరీది కాదు, కేబుళ్లదో సాలినాయిడ్‌దో. ఆ రెండు నంబర్లూ, మీ గ్లైడర్ రెక్క చెక్కదా కార్బన్‌దా అన్నదీ కింద కామెంట్‌లో పెట్టండి, పెడల్ ఎంతసేపు నొక్కొచ్చో అప్పుడు చెబుతాను.